తుమ్మి: ఒక్క వానాకాలపు తెల్లపువ్వు

తుమ్మి మన దేశపు ఏకవార్షిక మొక్క. తొలకరికి మొలుస్తుంది, శ్రావణ భాద్రపదాల్లో పూత పడుతుంది, చలికాలం గడిచేలోగా గింజ రాల్చి నిలువునా ఎండిపోతుంది. శాస్త్రనామం ల్యూకాస్ ఆస్పెరా. తులసి, పుదీనా, మరువం ఉన్న లామియేసి కుటుంబమే దీనిదీ. దగ్గరి చుట్టమైన పెద్దతుమ్మిని ల్యూకాస్ సెఫలోటిస్ అంటారు. తెలంగాణలో వినాయక చవితి నాడు వండుకునే తుమ్మికూర, ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో వానాకాలంలో తినే గుమీ భాజీ ఈ మొక్కలవే. శివుడికి ప్రీతి అని పూజలో వాడే తెల్లని పువ్వు ఇదే. చేలో కలుపు అని పీకేసేదీ ఇదే. కూరగా, పువ్వుగా, మందుగా, కలుపుగా ఇన్ని విధాల మనిషికి తెలిసిన ఈ మొక్కకు ఆయుష్షు మాత్రం కొద్ది నెలలే. దాని ఒంటి నిర్మాణమంతా ఆ కొద్ది నెలల్లో గింజ కట్టి నేలకు అప్పగించడానికి తగినట్టు అమరింది.

పేర్లు

తెలుగులో దీన్ని తుమ్మి అంటారు. ముళ్ల చెట్టయిన తుమ్మకూ దీనికీ సంబంధం లేదు. తుమ్మ చిక్కుడు కుటుంబపు పెద్ద చెట్టు, తుమ్మి మోకాలెత్తు మొక్క. కన్నడంలో తుంబె, తమిళంలో తుంబై, మలయాళంలో తుంబ అంటారు. నాలుగు ద్రావిడ భాషల్లోనూ మాట ఒకే మూలం నుంచి వచ్చినట్టు వింటేనే తెలుస్తుంది. హిందీలో గూమా, ఛత్తీస్‌గఢీలో గుమీ, బెంగాలీలో దండకలస, అస్సామీలో దొరొణ్ అనే పేర్లున్నాయి. సంస్కృతంలో ద్రోణపుష్పి. ద్రోణమంటే దొన్నె, తొట్టి వంటి పాత్ర. పువ్వు ఆకారాన్ని బట్టి వచ్చిన పేరది.

ప్రజాతి పేరు ల్యూకాస్ గ్రీకు మాట నుంచి వచ్చింది, అర్థం తెలుపు. జాతి పేరు ఆస్పెరా లాటిన్‌లో గరుకు. రెండూ కలిపితే గరుకు ఒళ్లున్న తెల్లపూల మొక్క. ఆకును బొటనవేలితో ఒకసారి రుద్ది చూస్తే ఆ పేరు ఎంత తగిందో తెలుస్తుంది. పెద్దతుమ్మి పేరులోని సెఫలోటిస్‌కు తలకాయ వంటిది అని అర్థం. దాని పూలన్నీ కొమ్మ కొసన గుండ్రని బంతిలా గుమిగూడి ఉంటాయి.

నామకరణ చరిత్ర

ఈ మొక్కకు శాస్త్రలోకంలో మొదట పెట్టిన పేరు ఫ్లోమిస్ ఆస్పెరా. బెర్లిన్ వృక్షోద్యానం అధిపతి కార్ల్ లుడ్విగ్ విల్డెనో 1809లో ఆ ఉద్యానంలోని మొక్కల పట్టికలో ఆ పేరు ప్రకటించాడు. మరుసటి ఏడే స్కాట్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ ల్యూకాస్ అనే కొత్త ప్రజాతిని నెలకొల్పాడు. విల్డెనో తర్వాత అదే ఉద్యానం బాధ్యత తీసుకున్న యోహాన్ లింక్ 1822లో తుమ్మిని ఆ ప్రజాతిలోకి మార్చాడు. అప్పటి నుంచి ల్యూకాస్ ఆస్పెరా అనే పేరే నిలిచింది.

పెద్దతుమ్మి కథకు తెలుగు నేలతో చుట్టరికం ఉంది. దాన్ని ఫ్లోమిస్ సెఫలోటిస్ పేరుతో వర్ణించినవాడు వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బ్రెష్ట్ రోత్. ఆయన 1821లో అచ్చువేసిన గ్రంథానికి ఆధారం బెంజమిన్ హేన్ భారతదేశంలో సేకరించిన మొక్కలు. హేన్ ఎవరో కాదు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లిపోయాక, ఆయన నడిపిన సామర్లకోట మొక్కల తోటను చూసుకున్న వైద్యుడు. 1825లో స్ప్రెంగెల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పెద్దతుమ్మిని ల్యూకాస్‌లో చేర్చాడు. మొక్కల్లో చాలావాటికి మన పల్లెల్లో వందల ఏళ్లుగా పేర్లున్నాయి. వాటి శాస్త్రనామాలు మాత్రం ఇక్కడ ఎండబెట్టిన కొమ్మలు ఓడలెక్కి ఐరోపా చేరాక పుట్టాయి. తుమ్మి సంగతీ అంతే.

ల్యూకాస్ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద దాదాపు 100 జాతులున్నాయి. ఆఫ్రికా, ఆసియా ఖండాల వేడి ప్రాంతాలు వీటి నెలవు. ఒక్క భారతదేశంలోనే 40కి పైగా జాతులు పెరుగుతున్నాయి. రాయ్‌పూర్ ప్రాంతపు మొక్కల గురించి తెలుసుకోవాలంటే ముందుగా చూడవలసిన పుస్తకం భారత వృక్షశాస్త్ర సర్వే సంస్థ 1985లో తెచ్చిన ‘ఫ్లోరా ఆఫ్ రాయ్‌పూర్, దుర్గ్ అండ్ రాజ్‌నంద్‌గావ్’. వర్మ, పంత్, హన్ఫీ దీని రచయితలు. ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న రోజుల్లో ఆ మూడు జిల్లాల వృక్షసంపదను ఇది నమోదు చేసింది.

స్వరూపం

తుమ్మి సాధారణంగా 15 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది. మంచి నేల దొరికితే నిటారుగా, కొమ్మలు వేసి గుబురుగా ఉంటుంది. గులకరాళ్ల మెరకలో జానెడు ఎత్తుకే ఆగిపోతుంది. అయినా పూస్తుంది. పొట్టి మొక్క కూడా నాలుగు గింజలు కట్టకుండా చావదు.

కాండం నాలుగు పలకలుగా ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పితే గుండ్రంగా దొర్లకుండా పలకపలకగా తగులుతుంది. లామియేసి కుటుంబంలో దాదాపు అన్ని మొక్కలకూ ఉన్న గుర్తు ఇది. కాండం నాలుగు మూలల్లో స్థూలకోణ కణజాలం దట్టంగా పేరుకుంటుంది. ఇంటి నాలుగు మూలలా నిలబెట్టిన గుంజల్లాగా అది మొక్కకు దన్నుగా ఉంటుంది. చెక్క పట్టని లేత కాండం వానాకాలపు గాలులకు వంగుతుందే కాని విరగదు. కాండం నిండా గరుకు నూగు ఉంటుంది.

ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఒక జంట తూర్పు పడమరలకు చూస్తే పై జంట ఉత్తర దక్షిణాలకు తిరుగుతుంది. అందువల్ల పై ఆకు నీడ కింది ఆకు మీద పూర్తిగా పడదు. ఆకు సన్నగా, పొడుగ్గా, కొస మొద్దుగా ఉంటుంది. పొడవు 8 సెంటీమీటర్ల దాకా, వెడల్పు ఒకటింబావు సెంటీమీటరు దాకా ఉంటుంది. తొడిమ చాలా చిన్నది, ఒక్కోసారి లేనట్టే ఉంటుంది. అంచు నునుపుగానో, దూరదూరంగా పంటి గాట్లతోనో ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన వస్తుంది, నోట్లో వేసుకుంటే చేదు.

పూలు కొమ్మల చివర, ఆకుల మొదళ్లలో కణుపు చుట్టూ వలయంగా గుంపు కడతాయి. ఈ పుష్పవిన్యాసాన్ని వర్టిసిల్లాస్టర్ అంటారు. చూడటానికి కొమ్మను చుట్టిన ఒకే ఒక పూలదండలా ఉన్నా, నిజానికి అవి ఎదురెదురు ఆకుల సందుల్లో పుట్టిన రెండు గుత్తులు. రెండూ అటూ ఇటూ పెరిగి కలిసిపోయి చక్రంలా కనిపిస్తాయి. పూల మధ్య 6 మిల్లీమీటర్ల పొడవున సన్నని పుచ్ఛాలు ఉంటాయి. వాటి కొస ముల్లులా, అంచులు పొడుగాటి నూగుతో ఉంటాయి. ఎండిన తుమ్మి గుత్తిని గుప్పిట్లో నొక్కితే గుచ్చుకునేది వీటివల్లనే.

రక్షకపత్రావళి గొట్టంలా, కాస్త వంగి, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. కింది సగం నునుపుగా పలుచగా, పై సగం గీతలతో నూగుతో ఉంటుంది. మూతి మాత్రం తిన్నగా ఉండదు, ఏటవాలుగా కోసిన వెదురు గొట్టంలా పైభాగం ముందుకు సాగి ఉంటుంది. మూతి చుట్టూ చిన్న ముక్కోణపు పళ్లుంటాయి, వాటిలో పై పన్ను అన్నిటికంటే పెద్దది. తుమ్మిని దాని చుట్టాల్లో గుర్తుపట్టడానికి వృక్షశాస్త్రజ్ఞులు చూసే ముఖ్యమైన గుర్తుల్లో ఈ ఏటవాలు మూతి ఒకటి.

ఇక పువ్వు. దాని పొడవు ఒక్క సెంటీమీటరు. భూతద్దం పెట్టి చూస్తే అంత చిన్న చోటులో ఎంత పని ఉందో కనిపిస్తుంది. అడుగున 5 మిల్లీమీటర్ల గొట్టం, దాని పైన రెండు పెదవులు. పై పెదవి 3 మిల్లీమీటర్లు, ముందుకు వంగిన టోపీలా ఉండి, వెలుపల దట్టమైన తెల్లని ఉన్నితో కప్పి ఉంటుంది. కింది పెదవి దానికి దాదాపు రెట్టింపు. అది మూడు భాగాలుగా చీలి, నడిమి భాగం వెడల్పుగా గుండ్రంగా పరుచుకుంటుంది. రెండు పక్కల భాగాలు చిన్నవి. పై పెదవి నీడలో నాలుగు కేసరాలు దాగి ఉంటాయి. వాటిలో రెండు పొడుగు, రెండు పొట్టి. వీటిని ద్విదీర్ఘ కేసరాలంటారు. గొట్టం లోపల నడుమ ఒకచోట వెంట్రుకల వలయం ఉంటుంది. అడుగున ఊరే తేనెకు అది మూతలా పనిచేస్తుంది.

అండాశయం నాలుగు తమ్మెలుగా ఉంటుంది. కీలం దాని నెత్తి మీద నుంచి కాక, నాలుగు తమ్మెల నడుమ అడుగు నుంచి పుడుతుంది. లామియేసి కుటుంబపు మరో ప్రధాన లక్షణమిది. కీలం కొస రెండుగా చీలుతుంది కాని రెండూ సమానం కావు, పైది బాగా పొట్టి. ఈ అసమానత ల్యూకాస్ ప్రజాతి గుర్తు. పువ్వు రాలాక ఒక్కో రక్షకపత్రపు గొట్టంలో అత్యధికంగా నాలుగు గింజలు తయారవుతాయి. ఒక్కోటి రెండున్నర మిల్లీమీటర్లు, గోధుమరంగు, నునుపు. వృక్షశాస్త్రం ప్రకారం అవి ఒక్కో విత్తనమున్న చిన్ని పెంకుకాయలు. వీటిని నట్‌లెట్లంటారు.

పెద్దతుమ్మి

పెద్దతుమ్మి కూడా ఏకవార్షికమే, తెల్లపూలదే. ఆకులు తుమ్మి ఆకుల్లా సన్నగా ఉండవు. కోడిగుడ్డు ఆకారం నుంచి బల్లెపు ఆకారం దాకా వెడల్పుగా, అంచంతా రంపపు పళ్లతో ఉంటాయి. కొమ్మ చివర వచ్చే పూబంతి రెండున్నర నుంచి 5 సెంటీమీటర్ల అడ్డకొలత తూగుతుంది. ఆ బంతిలో ఎన్నో పుచ్ఛాలు ఆకుల్లా ఒకదానిపై ఒకటి పరిచినట్టుంటాయి. తెల్లపూలు ఒకేసారి విచ్చుకోవు. ఆకుపచ్చ బంతి మీద ఇవాళ నాలుగు, రేపు నాలుగు అన్నట్టు తెరుచుకుంటాయి. హిమాలయ పాదాల నుంచి దక్షిణాది దాకా దీని విస్తృతి ఉంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో గుమీ అనే పేరు ఈ రెంటికీ చెల్లుతుంది.

ఈ రెండింటితో పాటు సన్నాకు తుమ్మి అనదగిన ల్యూకాస్ లావెండ్యులిఫోలియా, ల్యూకాస్ జైలానికా వంటివి కూడా మన దేశంలో పెరుగుతాయి. అన్నిటివీ తెల్లపూలే కావడంతో పల్లెవాసులు వాటన్నిటినీ తుమ్మి అనే పిలవడం సహజం. విడదీయాలంటే పువ్వు కంటే ఆకు వెడల్పు, రక్షకపత్రపు మూతి చూడాలి.

రాయ్‌పూర్ నేల, వాన

రాయ్‌పూర్ మహానది పరీవాహకపు మైదానంలో, సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంది. నగరాన్ని ఒరుసుకుని పారే ఖారున్ నది శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో కలుస్తుంది. ఏటా 1200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వానలో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరులోగానే కురుస్తుంది. మిగతా ఎనిమిది నెలలు దాదాపు ఎండు కాలం. మే నెల ఎండలకు నేల నెర్రెలిస్తుంది. ఇలాంటి చోట మొక్కలకు బతకడానికి రెండు దారులు. లోతుకు వేళ్లు పంపి చెట్టుగా నిలబడటం ఒకటి, నేలలో తడి ఉన్న కొద్ది నెలల్లోనే బతుకు ముగించుకుని గింజగా ఎండాకాలం దాటడం రెండోది. తుమ్మి రెండో దారి పట్టింది.

ఇక్కడి రైతులు నేలలను నాలుగు పేర్లతో పిలుస్తారు. పల్లంలోని బరువైన నల్లమట్టి కన్హార్. దానికంటే తేలికైనది డోర్సా. పసుపు రంగు ఇసుకపాలు నేల మటాసీ. మెరకల్లో గులకరాళ్లతో ఎర్రగా, పలుచగా ఉండేది భాటా. నీళ్లు నిలిచే కన్హార్ వరిచేలో తుమ్మికి చోటు లేదు, దాని వేరు నీట మునిగి బతకలేదు. చేల గట్లు, మటాసీ మెరకలు, భాటా బీళ్లు, బాటల అంచులు, పెరటి దొడ్లు దీని తావులు. కొర్రలు, ఆరికలు, నువ్వులు, కంది వంటి మెట్టపంటల్లోనూ పెరుగుతుంది. ధాన్యపు గిన్నె అని పేరున్న ఛత్తీస్‌గఢ్‌లో వరి పొలం నీళ్లలో ఉంటే తుమ్మి గట్టు మీద ఉంటుంది. నాలుగడుగుల వెడల్పు గట్టు దానికి ఊరంత.

ఈ ప్రాంతంలో తెలుగు వినిపించడం కొత్త కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ దాకా రైలు దారి 1931లో పూర్తయింది. రైల్వే కొలువుల కోసం, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం కోసం ఎందరో తెలుగువాళ్లు ఈ మైదానానికి వచ్చి స్థిరపడ్డారు. కొత్త ఊరి గట్టు మీద గుమీ అనే పేరుతో కనబడినా, ఆకు నలిపి వాసన చూస్తే అది తమ ఊరి తుమ్మే.

ఒక ఏడాది బతుకు

జూన్ రెండో పక్షంలో రుతుపవనాలు రాయ్‌పూర్ చేరతాయి. నేల తడిసిన కొద్ది రోజులకే చిన్ని బీజదళాలు పైకి వస్తాయి. జులై, ఆగస్టు నెలలు ఆకు కాలం. లేత చివుళ్లు కోసి కూర వండుకునేది అప్పుడే. కొస తుంచితే పక్క కణుపుల నుంచి కొత్త కొమ్మలు వస్తాయి కనుక మితంగా కోస్తే మొక్కకు హాని లేదు. ఆగస్టు చివర నుంచి పూత మొదలవుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో గట్ల మీద తెల్లని చుక్కలు నిండుతాయి. పూత చలికాలంలోనూ కొనసాగుతుంది. తడి ఉన్న చోట జనవరిలో కూడా పూసిన మొక్కలు కనిపిస్తాయి.

కింది చక్రాల్లో గింజ ముదురుతుండగానే పై చక్రాల్లో కొత్త పూలు విచ్చుకుంటాయి. అన్ని పూలూ ఒకేసారి పూస్తే ఒక్క వారం ముసురుకు పంట మొత్తం పోవచ్చు. విడతలు విడతలుగా పూయడంలో ఆ ముప్పు తగ్గుతుంది. మొక్క ఎండిపోయాక కూడా గొట్టాల్లాంటి రక్షకపత్రాలు కొమ్మకే అంటుకుని ఉంటాయి. గాలి ఊపినప్పుడు, పశువు తగిలినప్పుడు ఏటవాలు మూతి లోంచి గింజలు ఒకటి రెండుగా రాలతాయి. ఫాల్గుణానికి తల్లిమొక్క చొప్పలా మిగులుతుంది. దాని వంశం మట్టిలో ఉంటుంది.

పువ్వు, తేనెటీగ

తుమ్మి పువ్వు కింది పెదవి ఒక వాకిలి, పై పెదవి ఒక చూరు. తేనెటీగ వచ్చి వాకిట్లో వాలుతుంది. అడుగున ఉన్న తేనె కోసం తల గొట్టంలోకి దూరుస్తుంది. చూరు కింద పొంచి ఉన్న కేసరాలు అప్పుడు దాని వీపును, మెడను తాకుతాయి, పుప్పొడి అంటుకుంటుంది. మరో పువ్వు మీద వాలినప్పుడు కీలాగ్రం అదే చోట తాకి ఆ పుప్పొడి అందుకుంటుంది. పుప్పొడి ఈగ కాళ్లకు అందని వీపు మీద పడటంలో మొక్కకు లాభముంది. ఈగ దాన్ని అంత తేలిగ్గా దులుపుకుని తినలేదు.

సెప్టెంబరు ఉదయం ఎండ కాస్త పొడిచాక ఒక తుమ్మి గుబురు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే ఈ పని కళ్లారా చూడవచ్చు. చిన్న తేనెటీగలు, తొర్ర తేనెటీగలు చక్రం చుట్టూ ఒక్కో పువ్వూ వరసగా చూసుకుంటూ తిరుగుతాయి. ఒక్కో పువ్వు దగ్గర రెండు మూడు క్షణాలకు మించి ఆగవు. గడ్డిలో తిరిగే చిన్న నీలి సీతాకోకచిలుకలు, పసుపు సీతాకోకచిలుకలు కూడా వస్తాయి. పల్లె పిల్లలకు కూడా ఈ తేనె తెలుసు. పువ్వును మెల్లగా గిల్లి లాగి, సన్నని మొదలును నాలుక మీద పెట్టుకుంటారు. దొరికేది చుక్కలో వందో వంతు తీపి. అయినా ఆ రుచి ముసలితనం దాకా గుర్తుంటుంది.

కూరగా తుమ్మి

తెలంగాణ పల్లెల్లో వినాయక చవితికి తుమ్మికూర తినడం ఆచారం. గణపతికి సమర్పించే 21 పత్రాల జాబితాలో తుమ్మి లేదు. అది పూజలో పత్రి కాదు, పొయ్యి మీద కూర. లేత ఆకులు, చివుళ్లు కోసి, కడిగి, చేదు తగ్గడానికి చింతపండు పులుసు తగిలించి, పప్పుతో గాని వెల్లుల్లి, మిరపకాయల పోపుతో గాని వండుతారు. వానలు ముదిరి జలుబు, జ్వరాలు వచ్చే కాలంలో ఏడాదికొకసారైనా ఈ చేదు ఒంట్లో పడాలని పెద్దలు చెబుతారు. పండుగ రోజుల్లో హైదరాబాదు మార్కెట్లలో కూడా చిన్న చిన్న కట్టలుగా అమ్మకానికి వస్తుంది.

ఛత్తీస్‌గఢ్ ఆకుకూరల సీమ. 36 కోటల దేశమని రాష్ట్రం పేరుకు అర్థం చెప్పే ఇక్కడివాళ్లు తమకు 36 భాజీలున్నాయని కూడా గొప్పగా చెప్పుకుంటారు. చెంచ్ ఆకు, చామ ఆకు, గోంగూర, చరోటా, బొహార్ వంటి ఆ వరసలో గుమీ భాజీకి స్థానముంది. విత్తకుండా, నీళ్లు పెట్టకుండా వానతో వచ్చే కూర కనుక దానికి ఖర్చు కోసుకునే శ్రమే. మన లెక్కలో శ్రావణ బహుళ షష్ఠి నాడు అక్కడి తల్లులు బిడ్డల మేలు కోరి కమర్‌ఛఠ్ నోము పడతారు. ఆ రోజు నాగలి తగిలిన నేలలో పండినది తినరు. తనంతట మొలిచిన పసహర్ బియ్యం, ఆరు రకాల ఆకుకూరలు వండుకుంటారు. ఆ ఆరు ఏవన్నది ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. దున్నని నేల ఇచ్చే తిండికి ఒక రోజంతా మొక్కే ఆ నోమును చూస్తే, గట్టు మీది మొక్కను అక్కడి జనం ఎంత దగ్గరగా ఎరుగుదురో అర్థమవుతుంది.

వైద్యంలో తుమ్మి

ఆయుర్వేద గ్రంథమైన భావప్రకాశ నిఘంటువు ద్రోణపుష్పిని పేర్కొంది. కామెర్లు, విషమజ్వరాలు, దగ్గు, వాపులకు ఆయుర్వేదం దీన్ని వాడింది. భారత ఆయుర్వేద ఫార్మకోపియా ద్రోణపుష్పి పేరుతో గుర్తించినది పెద్దతుమ్మి సమూల మొక్కను. పల్లె వైద్యంలో ఆకు రసాన్ని గజ్జికి, దద్దుర్లకు పూస్తారు. జలుబు, తలనొప్పికి ఆకు నలిపి వాసన పట్టిస్తారు. ఎండు మొక్కను పొగబెట్టి దోమలను తోలుతారు.

ప్రయోగశాలల్లో తుమ్మి నుంచి ఉర్సోలిక్ ఆమ్లం, ఓలియనోలిక్ ఆమ్లం, బీటా సైటోస్టెరాల్ వంటి పదార్థాలను వేరుచేశారు. వేరులో దొరికిన ఒక పదార్థానికి ఈ ప్రజాతి పేరు మీదుగానే ల్యూకోలాక్టోన్ అని పేరు పెట్టారు. సూక్ష్మజీవుల మీద, వాపు మీద, నొప్పి మీద సారాలు పనిచేసిన తీరును ఎలుకలపైనా, గాజు పాత్రల్లోనూ పరీక్షించారు. గాజు పాత్రలో కనిపించిన గుణం మనిషి ఒంట్లో మందుగా నిలబడాలంటే ఇంకా ఎన్నో మెట్లు ఎక్కాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాముకాటుకు తుమ్మి రసం విరుగుడని చాలాచోట్ల నమ్మకం ఉంది. ఆ నమ్మకంతో ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. పాముకాటుకు మందు ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవెనమ్ సూది ఒక్కటే. తుమ్మి తినే కూర, పూజకు పువ్వు, తేనెటీగకు మేత. దాని గొప్పతనానికి అవి చాలు.

పూజలో, కవిత్వంలో

తెల్లపువ్వు శివుడికి ప్రీతి అని కర్ణాటకలో శివరాత్రి నాడు తుంబె పూలతో అర్చిస్తారు. అస్సాంలోనూ దొరొణ్ పువ్వు శివపూజకే. దేశానికి రెండు కొసల్లో ఉన్న రెండు ప్రాంతాలు ఒకే గట్టు పువ్వును ఒకే దేవుడికి ఇవ్వడం గమనించదగ్గది. కేరళలో ఓణం పూలముగ్గుకు తుంబ పువ్వు ఉండి తీరాలి. ఓణం వచ్చేదీ, తుంబ పూసేదీ ఒకే నెలల్లో.

తమిళుల ప్రాచీన సాహిత్యంలో తుంబైకి వీరుల పువ్వు అనే గౌరవం దక్కింది. తొల్కాప్పియం యుద్ధ దశలకు పూల పేర్లు పెట్టింది. రెండు సేనలు ఎదురెదురుగా నిలిచి పోరాడే ఘట్టానికి తుంబై పేరు. ఆ పోరులో దిగే యోధులు తుంబై పూలు ధరించేవారు. తమిళంలో ఇప్పటికీ బాగా ఉతికిన పంచె తెలుపును తుంబై పువ్వుతో పోలుస్తారు. ఒక్క సెంటీమీటరు పువ్వుకు దక్కిన ఈ పెద్దరికం దాని పరిమాణం చూసి వచ్చింది కాదు. అది ప్రతి ఊరిలో, ప్రతి ఏడూ, అందరి కళ్ల ముందూ పూస్తుంది కనుక వచ్చింది.

కలుపు, పరదేశి మొక్కలు, రేపు

మెట్టపంటల్లో తుమ్మి కలుపే. పంట మొలిచిన తొలి వారాల్లో నీటికీ, ఎరువుకూ అది పోటీ పడుతుంది, రైతు దాన్ని తీయక తప్పదు. పాత పద్ధతిలో చేతితో కలుపు తీసేటప్పుడు పీకిన లేత తుమ్మి కూరబుట్టలోకి వెళ్లేది. కలుపు మందు చల్లిన చేలో ఆ దారి మూసుకుపోతుంది. మందు పడిన గట్టు మీది ఆకు కోసుకు తినడం కూడా ప్రమాదం.

తుమ్మి అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్క కాదు. కాని అది పెరిగే తావులు మారుతున్నాయి. 1950ల్లో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకిన వయ్యారిభామ రాయ్‌పూర్ చుట్టుపక్కల బీళ్లనూ ఆక్రమించింది, అక్కడివాళ్లు దాన్ని గాజర్ ఘాస్ అంటారు. అమెరికా ఉష్ణప్రాంతాల నుంచి వచ్చిన హిప్టిస్ మరో ఉదాహరణ. అదీ లామియేసి కుటుంబానిదే, పలకల కాండం, ఘాటు వాసన ఉన్నదే. మనిషెత్తు పెరిగి తుమ్మికి ఎండ తగలనివ్వదు. మరోపక్క నగరం పెరుగుతోంది. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడ్డాక రాజధాని చుట్టూ పరిశ్రమలు, కాలనీలు వచ్చాయి. ఆగ్నేయాన నవా రాయ్‌పూర్ లేచింది. పంట తక్కువ పండే భాటా మెరకలు భవనాలకు అనువైనవి కనుక ముందుగా వాటికే చోటిస్తున్నాయి. తుమ్మికి ఇష్టమైన నేల కూడా అదే.

దీన్ని కాపాడటానికి పెద్ద పథకం అక్కరలేదు. చేసే మేలు మొక్క ఆయుష్షు ఎరిగి చేస్తే చాలు. ఏకవార్షికానికి ప్రతి ఏడూ కొత్త పుట్టుకే, ఒక ఏడు గింజ కట్టకపోతే మరుసటి ఏటికి ఆ చోట పాత గింజల మిగులే గతి. కూరకు కోసేటప్పుడు వేరుతో పీకకుండా చివుళ్లు తుంచాలి. గుబురుకు రెండు మూడు మొక్కలు ముట్టకుండా వదలాలి. పంట లేని గట్లను, బడి ఆవరణల అంచులను పూత చాలావరకు అయ్యేదాకా, అంటే కనీసం డిసెంబరు దాకా, చదును చేయకుండా ఆపాలి. పెరట్లో పెంచాలనుకునేవాళ్లు ఎండిన చక్రాలను ఒక కాగితం మీద దులిపితే గోధుమరంగు గింజలు రాలతాయి. తొలకరికి ముందు వాటిని మట్టి మీద చల్లి పలుచగా కప్పితే చాలు, మిగతా పని వానదే.

రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం వంటి సంస్థలు పంటలను చదువుతాయి, కలుపునూ చదువుతాయి. ఆ రెంటి నడుమ నిలిచిన తుమ్మి వంటి మొక్కలను చదివే బడి గట్టే. ఏ ఊరి గట్టు మీద ఏ నెలలో పూసింది, ఏ ఈగలు వచ్చాయి, అక్కడి పేరు ఏమిటి అని పిల్లలు రాసి పెట్టుకునే ఒక్కో నోటుపుస్తకం ఆ ఊరి విజ్ఞాన సర్వస్వంలో ఒక పుట అవుతుంది. తుమ్మి దానికి మంచి మొదటి పాఠం. ముట్టుకుంటే కాండం పలకలు తెలుస్తాయి, నలిపితే వాసన తెలుస్తుంది, నాలుక మీద పెడితే ఆకు చేదు, పువ్వు తీపి తెలుస్తాయి. వచ్చే వానకు అదే చోట మళ్లీ చూస్తే, నిరుడు రాలిన గింజ మాట నిలబెట్టుకున్నదో లేదో కూడా తెలుస్తుంది.